ఉప్పుటేటిలో మీ తొట్టి ఎక్కడ?

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద చొల్లంగి దాటారు. ఎడమ చేతి వైపు కోరింగ మడ అడవి. చెక్క వంతెన మీద నడుస్తూ లోపలికి వచ్చేసరికి నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి. నిన్నటిదాకా మీకు తెలిసిన అక్వేరియం అంటే గాజు తొట్టి, రంగు గులకరాళ్ళు, ఒక గోల్డ్‌ఫిష్. ఇప్పుడు ఉప్పుటేటి చేపల్ని పెంచాలని మనసైంది. అందుకే ముందు ఇక్కడికి రావడం. కొట్లో చేపను చూసే ముందు అది పుట్టే నీటిని చూడాలి.

మీ పక్కన నడుస్తున్నాయన తాళ్ళరేవు వైపు రొయ్యల రైతు. జేబులోంచి నీటిలో ఉప్పు కొలిచే, చిన్న గొట్టంలాంటి రిఫ్రాక్టోమీటర్ తీసి, కాలువ నీళ్ళు రెండు చుక్కలు దాని అద్దం మీద వేసి, మూత వాల్చి మీ చేతికిచ్చాడు. వెలుతురు వైపు తిప్పి కన్ను ఆనిస్తే పైన నీలం, కింద తెలుపు. ఆ రెండూ కలిసే గీత పద్నాలుగు దగ్గర ఆగింది.

"పద్నాలుగు పీపీటీ అండి. సముద్రమైతే ముప్పై అయిదు చూపిస్తది. గోదారి వరదప్పుడు రండి, ఇక్కడే బాగా పడిపోద్ది. మే నెలలో చూస్తే మళ్ళీ ఎక్కిపోద్దండి."

ఆ మాట గట్టిగా పట్టుకోండి. లీటరు నీటిలో పద్నాలుగు గ్రాముల ఉప్పు అనేది ఈ చోటికి, ఈ పూటకి మాత్రమే చెల్లే లెక్క. ఎగువకి పోతే తగ్గుతుంది, మొగ వైపు పోతే పెరుగుతుంది. ఒకే కాలువలో పైన తేలిక నీరు, అడుగున బరువైన ఉప్పునీరు పొరలుగా కూడా ఉంటాయి. "ఉప్పుటేటి చేప" అని అన్నిటినీ ఒకే గాటన కట్టడానికి వీల్లేనిది ఇందుకే. ఈ ఏటి పొడవునా ఎన్నో చిరునామాలు. మీ తొట్టిలో పట్టేది వాటిలో ఒక్కటే.

కాళ్ళ కింద బురద బయటపడింది. అందులోంచి మడచెట్ల గాలివేళ్ళు వేలెడెత్తున నిటారుగా పొడుచుకొచ్చాయి. చూస్తుండగానే బురదే కదిలినట్టయింది. కళ్ళు నెత్తిమీద పెట్టుకున్న ఓ చేప ముందు రెక్కల మీద లేచి, తోక కొట్టి, జానెడు దూరం గెంతింది. మడ్‌స్కిప్పర్. మరొకటి ఎదురొచ్చింది. రెండూ వీపు రెక్కలు విప్పి నోళ్ళు తెరిచాయి. కాసేపటికి ఒకటి వెనక్కి తగ్గి గుంటలో దూరింది. నీరు లేని చోట ఇవి తడి చర్మంతోనూ, నోటి లోపలి పొరతోనూ గాలి పీలుస్తాయి. చర్మం ఎండితే బతకలేవు.

మనసు దీని మీదే పడుతుంది, తెలుసు. వద్దు. దీనికి కావలసింది నిండా నీళ్ళున్న తొట్టి కాదు. సగానికి పైగా తడి ఇసుక ఒడ్డు, గుంట తవ్వుకునే లోతు, ఆవిరి పోనివ్వని మూత, ఒక్కోదానికీ సొంత జాగా కావాలి. అవన్నీ అమర్చగలిగిన రోజున దాని కోసమే వేరే తొట్టి కట్టండి. ఇంకో మాట. ఇక్కడి నుంచి చేపను కాదు కదా, గవ్వను కూడా తీసుకెళ్ళకూడదు. 1978 నుంచి ఇది అభయారణ్యం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. చట్టం లేకపోయినా ఆ బురదను అలాగే వదిలెయ్యాలని నేనంటాను.

పడవెక్కండి. కాలువ వెడల్పవుతోంది, గాలిలో ఉప్పు తెలుస్తోంది. మొగ దగ్గర పట్టే వలల్లో పండుగప్ప పిల్లలు కనిపిస్తాయి. పండుగప్ప ఏట్లో పెరిగి, గుడ్లు పెట్టే వేళకి సముద్రం వైపు పోతుంది; మీటరు దాటి పెరిగే చేప. కొట్లో వేలెడు పిల్లగా కనిపించే స్కాట్, వెండిబిళ్ళలాంటి మోనో కూడా ఈ తరహావే. చిన్నతనం ఏటిలో, పెద్దతనం సముద్రం దగ్గర. స్కాట్ అడుగు దాటి పెరగగలదు, మోనో ముప్పాతిక అడుగుకి తక్కువ కాదు. రెండూ గుంపుగా తిరగాలి. ఏటేటా ఉప్పు పెంచుకుంటూ చివరికి సముద్రపు నీటి దాకా తీసుకెళ్ళాలి. నూటతొంభై లీటర్ల తొట్టిలో వాటికి రెండేళ్ళ జీవితమే చూపిస్తున్నారు అమ్మేవాళ్ళు. మిగతా జీవితం ఎక్కడ అని అడిగి చూడండి.

నీటిని చూశారు, ఇక కొట్టు. ఇప్పుడు మీరు చెన్నై కొళత్తూరులో, రంగుచేపల అంగళ్ళ వరసలో ఉన్నారు. పొద్దున్నే ప్లాస్టిక్ సంచులు గాలితో ఉబ్బి వేలాడుతున్నాయి. మోటార్ల గురగుర, తడి సిమెంటు వాసన. ఒక తొట్టిలో పచ్చటి వీపు మీద నల్ల చుక్కలతో, గుండ్రటి కళ్ళతో ఓ బుల్లి చేప మీ వేలు వెంటే తిరుగుతోంది. గ్రీన్ పఫర్. దాన్ని మంచినీటి చేపగా అమ్ముతుంటారు. మంచినీటిలో కొన్నాళ్ళు బాగానే కనిపిస్తుంది, తర్వాత క్షీణిస్తుంది. దానికి ఉప్పు కావాలి, పెద్దయ్యేకొద్దీ ఇంకా కావాలి. పళ్ళు ఆగకుండా పెరుగుతాయి కాబట్టి అరగడానికి నత్తల్లాంటి గట్టి తిండి కావాలి. పక్క చేపల రెక్కలు కొరుకుతుంది. ఒంటరిగా, దానికంటూ ఒక తొట్టి ఇవ్వగలిగితేనే తీసుకోండి. పక్కన ఒంటి మీద వంపు చారలున్న టెరపాన్ చురుగ్గా ఈదుతోంది. అందానికి మోసపోకండి, తోటి చేపల పొలుసులు పీక్కుని తినే అలవాటు దానిది.

ఇంకో తొట్టిలో అద్దంలా ఒళ్ళంతా కనిపించే గ్లాస్‌ఫిష్. దీనికి ఉప్పు తప్పనిసరి అని చాలామంది నమ్ముతారు. మన దేశపు గ్లాస్‌ఫిష్ మంచినీటి చెరువుల్లో హాయిగా బతికేదే. దాని వెన్ను పొడవునా గులాబీ, నీలం గీతలు కనిపిస్తే అది సూదితో ఎక్కించిన రంగు. కొనొద్దు. కొనేవాళ్ళు లేకపోతేనే ఆ హింస ఆగుతుంది.

కొట్టు యజమానిని ఒకే ప్రశ్న అడగండి: "అన్నా, ఈ చేప ఇప్పుడు ఏ నీళ్ళలో ఉంది?" మంచినీటిలో ఉన్నదాన్ని తీసుకెళ్ళి నేరుగా ఉప్పులో దించితే అది తట్టుకోలేదు. మంచినీటిలో చేప ఒంట్లోకి నీరు ఊరుతూ ఉంటుంది, మూత్రపిండాలు తోడిపోస్తుంటాయి. ఉప్పునీటిలో తలకిందులు. ఒంట్లో నీరు బయటికి పోతుంది, చేప నీళ్ళు తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల్లోని కణాలతో బయటికి నెట్టాలి. ఆ యంత్రాంగం తిరగబడటానికి గడువు కావాలి.

ఇక చూడండి, మూలనున్న తొట్టిలో పసుపు నారింజ రంగుల్లో, ఒంటి మధ్య నల్ల మచ్చతో, అరచేతిలో ఇమిడే చేపలు. ఆరెంజ్ క్రోమైడ్. దక్షిణ భారతం, శ్రీలంక తీరాల చేప. కేరళ 2010లో రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న కరిమీన్‌కి దగ్గరి చుట్టం. కరిమీన్ పళ్ళెం నిండేంత అవుతుంది, ఇది మూడంగుళాల దగ్గర ఆగిపోతుంది. ప్రకృతిలో ఈ రెండింటి మధ్య ఓ ఒప్పందం ఉందని 1972లో పరిశోధకులు రాశారు. చిన్న క్రోమైడ్లు కరిమీన్ ఒంటి మీది పరాన్నజీవుల్ని ఏరి తింటాయి.

నా ఓటు దీనికే. ఉప్పు కొంచెం అటూ ఇటూ అయినా ఓర్చుకుంటుంది, మీ తొట్టికి మించి పెరగదు, పైగా మన నేల చేప. ఆరు పిల్లల్ని తీసుకోండి.

ఇంటికొచ్చారు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి: నూటతొంభై లీటర్లు. ఏడు పీపీటీకి చేరుద్దాం, హైడ్రోమీటర్ మీద అది దాదాపు 1.005. కేజీన్నరకి కాస్త తక్కువ మెరైన్ సాల్ట్ పడుతుంది. వంటింటి ఉప్పు పనికిరాదు. మెరైన్ సాల్ట్‌లోని కాల్షియం, మెగ్నీషియం, నీటి పీహెచ్‌ని పడిపోకుండా పట్టి ఉంచే కార్బొనేట్లు అందులో ఉండవు. ఉప్పును ఎప్పుడూ బకెట్లో కలిపి, కరిగాకే పొయ్యండి. ఒకేసారి కాదు, వారాల మీద కొద్దికొద్దిగా పెంచండి. ఫిల్టర్‌లో వ్యర్థాల్ని శుద్ధి చేసే బాక్టీరియా కూడా చేపలతో పాటే అలవాటు పడాలి. కొత్త తొట్టి ఆ పని నేర్చుకునేదాకా రెండు మూడు మాలీ చేపల్ని ఉంచవచ్చు, మంచినీటి నుంచి సముద్రం దాకా ఎక్కడైనా సర్దుకునే గట్టి ప్రాణం వాటిది. అయినా అమోనియా, నైట్రైట్ పరీక్షలు మానకండి.

తొట్టి నీరు ఆవిరై తగ్గిందా? మంచినీళ్ళే పొయ్యండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది. తగ్గిన మేరకు ఉప్పునీరు పోస్తూ పోతే ఏడు పీపీటీ కాస్తా పెరుగుతూ పోతుంది. నీరు మార్చేటప్పుడు మాత్రం అదే పాళ్ళలో ఉప్పు కలిపి పొయ్యాలి. ఏట్లో ఆటుపోట్లున్నాయి కదా అని ఇక్కడ ఉప్పు ఎగదోసి దిగదోయకండి. ఏటిలో చేపకు నచ్చని నీటిని వదిలి పోయే దారి ఉంటుంది. మీ తొట్టిలో లేదు.

అడుగున ఇసుక, ఓ చదునైన రాయి, నాలుగు మొద్దు వేళ్ళు. కొన్ని నెలలకి ఆరింట్లో రెండు జత కట్టి ఆ రాతిని శుభ్రం చేయడం మొదలుపెడతాయి. గుడ్లు పెట్టి రెక్కలతో నీరు విసురుతూ కాపు కాస్తాయి. పిల్లలు ఈదడం మొదలెట్టాక తల్లిదండ్రుల ఒంటికి మూతులు ఆనించి, చర్మం మీది జిగురును గిల్లి తింటాయి. ముఖం అద్దానికి దగ్గరగా పెట్టండి, పెద్దచేప కదలకుండా ఆగి తినిపించడం కనిపిస్తుంది. జత కట్టిన రోజు నుంచే మిగతా నాలుగింటినీ ఆ రెండూ మూలకి తరమడం మొదలెడతాయి. వాటి కోసం అదే ఏడు పీపీటీ నీటితో రెండో తొట్టి ముందుగానే నడుపుతూ ఉండండి.