లా ఫర్మ్ దరఖాస్తులో ‘పని అనుభవం’ అంటే ఏది?

లా ఫర్మ్‌ల దరఖాస్తుల్లో ఉండే ‘వర్క్ ఎక్స్‌పీరియన్స్’ అనే గడికి చట్టంలో నిర్వచనం లేదు. ఏది లెక్కలోకి తీసుకోవాలో ఆ ఫర్మ్ ఇష్టం. జడ్జి ఉద్యోగానికి అలా కాదు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మే 20న చెప్పింది. ఆ కాలాన్ని ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ నుంచే లెక్కించాలని, జడ్జీల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్నీ కలపాలని కూడా చెప్పింది. ఫర్మ్‌లకు ఇలాంటి గీత లేదు కాబట్టి పరిచయాలున్న వాళ్ల అనుభవమే అనుభవంగా చెలామణి అవుతోంది.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నియమాల ప్రకారం మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. వకీళ్లు, న్యాయవ్యవస్థ, స్వచ్ఛంద సంస్థలు, స్థానిక సంస్థలు, లా ఫర్మ్‌లు అన్నీ ఆ నియమంలో ఒకే వరుసలో ఉన్నాయి. తాలూకా కోర్టు వకీలు దగ్గర చేసిన నాలుగు వారాలు తక్కువని అందులో ఎక్కడా లేదు. కానీ ముంబయిలో సొంత ఖర్చుతో నెల రోజులు ఉండగలిగిన విద్యార్థి రెజ్యూమె బరువుగా కనిపిస్తుంది. వేసవిలో కూలికి పోయి ఫీజు కూడబెట్టిన విద్యార్థి గడి ఖాళీగా ఉంటుంది.

నిజానికి అది ఖాళీ కాదు. అట్రాసిటీ కేసులో బాధితులతో స్టేషన్‌కు వెళ్లడం, ఫిర్యాదు రాసిపెట్టడం, ఎఫ్‌ఐఆర్‌లో 1989 చట్టం సెక్షన్లు పడ్డాయో లేదో చూడడం, ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు దశల్లో రావలసిన పరిహారం వాయిదాల కోసం కలెక్టరేట్ చుట్టూ తిరగడం మన విద్యార్థులు చాలామంది చేసిన పనులే. ‘అది సేవ కదా’ అని రాయకుండా వదిలేస్తారు. మా దృష్టిలో అది న్యాయపరమైన పనే. ‘సామాజిక కార్యకర్త’ అని ఒక్క మాటతో సరిపెట్టకుండా ఎన్ని ఫిర్యాదులు రాశారు, ఏ చట్టం కింద, ఏ దశ వరకు వెంటపడ్డారు అన్నది రాయాలి. ఉపాధి హామీ సామాజిక తనిఖీలో మస్టర్ రోల్‌ను కూలీల మాటతో, చెల్లింపు రికార్డుతో పోల్చి చూసినవారు ఆ సంగతి తప్పక రాయాలి. కార్పొరేట్ ఫర్మ్‌లు ‘డ్యూ డిలిజెన్స్’ పేరుతో చేసేదీ కాగితాన్ని వాస్తవంతో సరిచూడడమే. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీర్‌గా చేసినవారు గుర్తింపు పత్రం దాచుకోవాలి.

అతిశయోక్తి మాత్రం వద్దు. ఎన్‌రోల్ కాకముందు ‘వాదించాను’ అని రాయకూడదు. బాధితుల పేర్లు, ఊరి పేర్లు పెట్టకూడదు.

బట్టల షాపులో, డెలివరీ పనిలో గడిపిన కాలాన్ని న్యాయపరమైన పనిగా చూపకుండా విడిగా, వారానికి ఎన్ని గంటలో వేసి రాయాలి. మార్కులు ఎందుకు తగ్గాయో, ఇంటర్న్‌షిప్‌లు ఎందుకు తక్కువో దాన్నిబట్టి అర్థమవుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 సెప్టెంబరు నుంచి సొలిసిటర్ కావడానికి కావలసిన రెండేళ్ల అనుభవంలో లీగల్ క్లినిక్‌లో జీతం లేకుండా చేసిన పనినీ కలుపుకోవచ్చు. సొలిసిటర్ ధ్రువీకరిస్తే చాలు. ఇక్కడి ఫర్మ్‌లను అడగడానికి ఇదొక ఉదాహరణ.

ఇంకో చిక్కుంది. అంబేడ్కర్ పేరున్న విద్యార్థి సంఘంలో పనిచేశామని రాస్తే, చదివేవాళ్లు కులాన్ని ఊహిస్తారు. రాయాలా వద్దా అన్నది ఆ విద్యార్థి నిర్ణయమే, దానికి ఎవరూ తప్పుపట్టకూడదు. సంఘం పేరు తీసేసినా, చేసిన పనిని మాత్రం తీసేయవద్దని మేము చెబుతాం.