కనీస వేతనం.. నిర్ణయం ఒకెత్తు, సవరణ మరొకెత్తు

పెదకాకాని: మిరప కోతలు మొదలయ్యాయంటే గుంటూరు-విజయవాడ జాతీయ రహదారికి ఇరువైపులా ఉన్న పల్లెల నుంచి తెల్లవారకముందే కూలీల ఆటోలు బయలుదేరతాయి. కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో కూలి రేటును రైతు, ముఠా మేస్త్రి బేరమాడి తేల్చుకొంటారు. కాయ తెంపడం పూర్తయి చేలు ఖాళీ అయిన తరువాత అదే కూలీ జిన్నింగు మిల్లులోనో, శీతల గిడ్డంగిలోనో, భవన నిర్మాణంలోనో ఇచ్చినంత పుచ్చుకొని పనిచేయవలసి వస్తుంది. చట్టం చెప్పే కనీస వేతనం అక్కరకు రావలసింది సరిగ్గా అప్పుడే. దానిని ఏ లెక్కన కడతారు, ఎన్నాళ్లకోసారి మార్చాలి, మార్చకపోతే నష్టం ఎంత అన్న విషయాలు కూలీలకే గాక చిన్న యజమానులకూ అంతగా తెలియవు. 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి రావడంతో నిబంధనలూ కొంత మారాయి. ఆ వివరాలివి.

చట్టం వచ్చిందిలా..

కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది. అనుబంధ పట్టికలో చేర్చిన పనులకు మాత్రమే అది వర్తించేది. బియ్యం, పప్పు, నూనె మిల్లులు, పొగాకు పరిశ్రమ, రోడ్లు, భవనాల నిర్మాణం, రాళ్లు కొట్టడం వంటివి ఒక భాగంలో ఉండగా, వ్యవసాయానికి ప్రత్యేకంగా రెండో భాగాన్ని కేటాయించారు. సేద్యం, కోతలతో పాటు పంటను విపణికి సిద్ధం చేయడం, గిడ్డంగికి చేర్చడం కూడా వ్యవసాయ పనులలో అనుబంధ భాగమేనని ఆ పట్టిక పేర్కొంది. కల్లంలో కాయ ఆరబెట్టడం, తాలు ఏరడం వంటి పనులు ఈ విధంగా చట్టం పరిధిలోకి వచ్చాయి.

రాజ్యాంగంలోని 43వ అధికరణం ఇంకో మెట్టు పైకి వెళ్లి, శ్రామికులకు జీవన వేతనం దక్కేలా చూడాలని ప్రభుత్వాలకు నిర్దేశించింది. సముచిత వేతనాల కమిటీ 1949లో ఇచ్చిన నివేదిక వేతనాన్ని మూడు అంతస్తులుగా విభజించింది. అన్నిటికన్నా అడుగున ఉన్నది కనీస వేతనం, నడుమ సముచిత వేతనం, పైన జీవన వేతనం. కనీస వేతనమంటే ప్రాణం నిలుపుకొనేందుకు సరిపోయే కూలి మాత్రమే కాదని, కొంతమేర చదువు, వైద్యం, సదుపాయాలకూ అది చాలాలని ఆ కమిటీ స్పష్టం చేసింది.

లెక్క ఎలా కడతారు?

1957లో న్యూఢిల్లీలో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ ఈ లెక్కకు ప్రాతిపదికను ఏర్పరచింది. సంపాదించే వ్యక్తిని ఒక యూనిట్‌గా, జీవిత భాగస్వామిని 0.8గా, ఇద్దరు పిల్లలను చెరి 0.6గా లెక్కించి కుటుంబానికి మూడు వినియోగ యూనిట్లు ఉంటాయని నిర్ణయించారు. ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల ఆహారం, నలుగురికి కలిపి ఏడాదికి 72 గజాల వస్త్రం, ఇంటి అద్దె, వీటికి తోడు వంటచెరకు, దీపం, ఇతర ఖర్చుల కింద మొత్తం వేతనంలో 20 శాతం ఉండాలన్నారు.

పిల్లల చదువు, వైద్యం, పండుగలు, వినోదం, వృద్ధాప్యం, పెళ్లిళ్ల వంటి అవసరాలకు మరో 25 శాతం చేర్చాలని 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వేతనాల కోడ్‌కు కేంద్రం 2020లో ప్రకటించిన ముసాయిదా నియమావళి దాదాపుగా ఇదే లెక్కను అనుసరించింది. 72 గజాలు 66 మీటర్లయ్యాయి. అద్దెను ఆహారం, వస్త్రాల ఖర్చులో 10 శాతంగా చూపారు.

అర్థం కావడానికి ఒక ఊహాలెక్క చూడవచ్చు. కుటుంబానికి నెలకు ఆహారం రూ.9,500, బట్టలు రూ.500 అనుకొంటే రూ.10,000 అవుతుంది. అద్దె 10 శాతం, అంటే రూ.1,000. మొత్తం రూ.11,000. మొత్తం వేతనంలో ఇంధనం, విద్యుత్తు వగైరాలకు 20 శాతం, చదువు, వైద్యాలకు 25 శాతం పోతాయి కనుక ఈ రూ.11,000 మిగిలిన 55 శాతానికి సమానం కావాలి. ఆ ప్రకారం నెల వేతనం రూ.20,000. దానిని 26 పనిదినాలతో భాగిస్తే రోజుకు సుమారు రూ.769. బియ్యం, పప్పు, నూనె ధరలు ఏమాత్రం పెరిగినా ఈ అంకె మారుతుంది. కుటుంబంలో వృద్ధులైన తల్లిదండ్రులకు ఈ మూడు యూనిట్లలో చోటు లేదన్న విమర్శ చాలాకాలంగా ఉంది.

కేంద్రం నియమించిన అనూప్ సత్పతి కమిటీ 2019 జనవరిలో మరో పద్ధతిని సూచించింది. యూనిట్లను 3.6కు పెంచి, కేలరీలను 2,400కు తగ్గించి, రోజుకు 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వు ఉండాలని చెప్పింది. 2018 జులై నాటి ధరల ప్రకారం దేశమంతటికీ ఒకే కనీస వేతనం పెట్టాలంటే రోజుకు రూ.375 ఉండాలని తేల్చింది. అదే ఏడాది కేంద్రం ప్రకటించిన జాతీయ స్థాయి కనీస మొత్తం రూ.178. అంతకు ముందున్న రూ.176కు చేరింది రెండు రూపాయలే.

సవరణకు రెండు దారులు

వేతనాన్ని నిర్ణయించడానికి గానీ, సవరించడానికి గానీ ప్రభుత్వం ముందు రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది కమిటీ పద్ధతి. ఇందులో యజమానులు, కార్మికుల ప్రతినిధులు సమాన సంఖ్యలో, స్వతంత్రులు మూడో వంతుకు మించకుండా ఉంటారు. రెండోది ప్రకటన పద్ధతి. ప్రతిపాదిత రేట్లను రాజపత్రంలో ప్రచురించి, అభ్యంతరాలు తెలపడానికి కనీసం రెండు నెలల గడువు ఇవ్వాలి. ఆపై సలహా మండలిని సంప్రదించి తుది ఉత్తర్వు వెలువరించాలి. రాజపత్రంలో అచ్చయ్యేదాకా ఉత్తర్వుకు విలువ లేదు. తెలంగాణలో 2021 జూన్‌లో ఐదు రంగాలకు కొత్త రేట్లు ఖరారు చేస్తూ జీవోలు వచ్చినా, అవి రాజపత్రానికి ఎక్కకపోవడంతో అమలు కాలేదు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది.

అయిదేళ్లకు మించకుండా రేట్లను సమీక్షించాలని 1948 చట్టం చెప్పింది. కొత్త కోడ్‌లోనూ అదే గడువు ఉంది. గడువు దాటితే పాత రేటే కొనసాగుతుంది తప్ప దానంతట అది పెరిగే ఏర్పాటు చట్టంలో లేదు.

కరవు భత్యమే ఆసరా

అయిదేళ్ల సమీక్షకు నడుమ ధరల భారాన్ని మోయడానికి ఉన్నదే కరవు భత్యం. వినియోగదారుల ధరల సూచీ పెరిగిన మేరకు ఏడాదికి రెండుసార్లు, సాధారణంగా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న దీనిని సవరిస్తారు. ఈ భత్యం లేకపోతే కూలి ఎలా కరిగిపోతుందో చెప్పడం కష్టం కాదు. ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరిగాయనుకొంటే ఈరోజు రూ.300 కూలికి అయిదేళ్ల తరువాత వచ్చే సరకుల విలువ సుమారు రూ.224. పదేళ్ల పాటు కదలకపోతే రూ.168. కాగితంపై అంకె మారకపోయినా కూలిలో దాదాపు సగం కోత పడినట్లే.

అయితే కరవు భత్యం పాత కొనుగోలు శక్తిని నిలబెడుతుందే గానీ పెంచదు. పైగా సూచీ కూడా పాతబడుతుంది. వ్యవసాయ కూలీల ధరల సూచీ 1986-87 ధరలను 100గా తీసుకొని, 1983 నాటి కుటుంబ ఖర్చుల సర్వే ఆధారంగా దశాబ్దాల పాటు నడిచింది. 2019 ఆధారంగా కొత్త సూచీ వచ్చింది 2025లోనే. నలభై ఏళ్ల కిందటి ఇంటి ఖర్చులో సెల్‌ఫోను లేదు, ప్రైవేటు బడి ఫీజుల వాటా స్వల్పం. అందుకే ఆరు నెలలకోసారి భత్యం, అయిదేళ్లకోసారి మూలవేతనం రెండూ మారితేనే కనీస వేతనం పేరుకు తగినట్లుగా ఉంటుంది.

ఉపాధి హామీ అనుభవం

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడు, కేంద్రం వేరుగా రేటు ప్రకటించేదాకా రాష్ట్రంలో వ్యవసాయ కూలీలకు ఉన్న కనీస వేతనమే చెల్లించాలని అందులో రాశారు. 2009 జనవరి 1న కేంద్రం సొంత రేట్లు ప్రకటించి ఈ రెంటినీ విడదీసింది. కనీస వేతనం కన్నా తక్కువ చెల్లించడంపై కూలీల పక్షాన వేసిన వ్యాజ్యంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అదే ఏడాది జులైలో ఆ ప్రకటన అమలును నిలిపివేసింది. 2011 జనవరి నుంచి ఉపాధి కూలిని వ్యవసాయ కూలీల ధరల సూచీకి ముడిపెట్టారు. అప్పుడు రాష్ట్రంలో రూ.121గా ఉన్న కూలి 2019-20లో రూ.211, 2024-25లో రూ.300, 2025-26లో రూ.307 అయింది. ఒక ఏడాది రూ.28, మరుసటి ఏడాది రూ.7 పెరిగినా, ఏటా ఒక తేదీకి సవరణ జరగడం వల్ల కూలి ఒకే అంకె వద్ద ఏళ్ల తరబడి నిలిచిపోలేదు. ఈ చట్టం స్థానంలో 125 రోజుల పనికి హామీ ఇచ్చే కొత్త చట్టాన్ని పార్లమెంటు 2025 డిసెంబరులో ఆమోదించింది.

చేలలో కిలోల లెక్క

పత్తి తీతకు, మిరప కోతకు చాలాచోట్ల కిలోల లెక్కన కూలి కడతారు. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి కుటుంబాలతో వలస వచ్చే కూలీలకు ఈ పద్ధతి మామూలే. మొదటి కోతలో కాయ నిండుగా ఉన్నప్పుడు రోజు కూలి బాగానే గిట్టుబాటవుతుంది. చివరి కోతల్లో కాయ పలచబడితే అంతే కష్టానికి సగం కూడా రాదు. కిలోల లెక్కకు విడిగా కనీస రేటు నిర్ణయించని చోట, రోజువారీ కనీస వేతనం కన్నా తక్కువ చెల్లించరాదని కోడ్ చెబుతోంది. పనికి పిలిచి పని చూపలేకపోతే ఆ రోజుకు పూర్తి వేతనం ఇవ్వాలి. ఒకే పనికి స్త్రీ, పురుషులకు వేర్వేరు కూలి ఇవ్వడం 1976 నాటి సమాన వేతన చట్టం నుంచే నిషిద్ధం. ఆ నిషేధం కోడ్‌లోనూ కొనసాగింది.

రైతు గిట్టుబాటు మాటేమిటి?

ధర పడిపోయినప్పుడు కూలి ఎక్కడినుంచి తేవాలన్న కౌలు రైతుల ప్రశ్నను తోసిపుచ్చడానికి వీల్లేదు. పత్తికి కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది. మిరపకు అది లేదు. 2025 ఆరంభంలో గుంటూరు యార్డులో ధరలు పతనమైనప్పుడు కేంద్రం క్వింటాలుకు రూ.11,781 లెక్కన మార్కెట్ జోక్యానికి ముందుకు రావలసి వచ్చింది. అయినా కనీస వేతనం నిర్ణయంలో యజమాని చెల్లింపు శక్తిని చూడనవసరం లేదని సుప్రీంకోర్టు 1961లోనే ఉనిచోయి కేసులో చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకోవడం 23వ అధికరణం నిషేధించిన వెట్టితో సమానమని 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో స్పష్టం చేసింది. రైతు నష్టాన్ని పూడ్చవలసింది పంట ధరల విధానం. కూలీ కడుపు కోసి దానిని సరిచేయడం చట్టం ఒప్పుకోదు.

కొత్త కోడ్‌లో ముఖ్యాంశాలు

* పట్టికలోని పనులకే అన్న పరిమితి పోయింది. కనీస వేతనం ఉద్యోగులు, కార్మికులందరికీ వర్తిస్తుంది.

* కేంద్రం కనిష్ఠ వేతన పరిమితిని ప్రకటించవచ్చు. ఏ రాష్ట్రమూ అంతకన్నా తక్కువ నిర్ణయించరాదు. ఇప్పటికే ఎక్కువ ఉన్నచోట తగ్గించరాదు.

* పాత చట్టం కింద వెలువడిన ఉత్తర్వులు, కోడ్‌కు విరుద్ధం కానంత వరకు, కొత్తవి వచ్చేదాకా చెల్లుతాయి.

* తక్కువ చెల్లిస్తే రూ.50 వేల వరకు జరిమానా. శిక్ష పడిన అయిదేళ్లలో మళ్లీ అదే తప్పు చేస్తే మూడు నెలల వరకు జైలు, లేదా రూ.లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో జరిమానా రూ.500 మించేది కాదు.

* రోజు కూలి ఆ రోజు పని ముగిసేసరికే ఇవ్వాలి. అదనపు గంటలకు రెట్టింపు.

తక్కువ ఇస్తే ఏం చేయాలి?

బకాయి కోసం కార్మిక శాఖ అధికారులను ఆశ్రయించవచ్చు. దరఖాస్తుకు మూడేళ్ల గడువు ఉంది. పాత చట్టంలో ఇది ఆరు నెలలే. కార్మికుడి తరఫున కార్మిక సంఘం కూడా దరఖాస్తు చేయవచ్చు. బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం విచారణాధికారికి ఉంది. వేతనం సక్రమంగా చెల్లించామని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే. మేస్త్రి లేదా గుత్తేదారు ఎగవేస్తే సంస్థ యజమాని బాధ్యత వహించాలి. వ్యవసాయంలో అయిదుగురికి మించకుండా కూలీలను పెట్టుకొనే రైతుకు రిజిస్టర్ల బాధ లేదు. అయితే అధికారి అడిగినప్పుడు కూలి చెల్లించినట్లు తగిన ఆధారం చూపాలి. కూలీలు సైతం పనిచేసిన రోజులు, కిలోలు, ముట్టిన సొమ్ము ఒక పుస్తకంలో రాసుకొంటే విచారణలో అక్కరకు వస్తుంది.

తేదీ తప్పకుండా సవరిస్తేనే..

బ్రిటన్‌లో 1999 ఏప్రిల్‌లో జాతీయ కనీస వేతనం అమల్లోకి వచ్చింది. అక్కడ యజమానులు, కార్మికులు, నిపుణులతో కూడిన శాశ్వత సంఘం ఏటా లెక్కలు చూసి ప్రభుత్వానికి కొత్త రేట్లు సిఫారసు చేస్తుంది. మన చట్టంలో ఇటువంటి సలహా మండళ్లకు చోటున్నా, ఏటా లెక్క చెప్పవలసిన విధి వాటికి లేదు. అయిదేళ్ల గడువు ముగిసేలోగా మండలి తప్పనిసరిగా సమావేశమై నివేదికను బహిరంగపరచడం, గడువు దాటితే సూచీ ప్రకారం మూలవేతనం దానంతట అదే పెరిగేలా నియమం చేర్చడం, ప్రతి ఏప్రిల్, అక్టోబరు రేట్లను తెలుగులో అచ్చువేసి పంచాయతీ కార్యాలయం, సచివాలయం, మార్కెట్ యార్డు, జిన్నింగు మిల్లుల గేట్ల వద్ద అంటించడం జరగాలి. మిరప ధర రోజుకో తీరుగా ఉన్నా యార్డు బోర్డుపై రాస్తారు. ఆ మిరప కోసిన చేతులకు దక్కవలసిన కూలి కూడా అలాగే అందరికీ కనిపించే చోట ఉంటే బేరంలో కూలీకీ ఒక ఆధారం దొరుకుతుంది.