మోటారు కారులో నిప్పురవ్వ: చౌమహల్లా మొదలు నేటి వరకు

చార్మినారు నుండి నడిచి పోదగిన దూరములోనే చౌమహల్లా రాజభవనము ఉన్నది. అక్కడ ప్రదర్శనకు ఉంచిన వాహనములలో పసుపుపచ్చని పాత మోటారు కారు ఒకటి చూపరులను ఇట్టే ఆకర్షించును. అది 1912 నాటి రోల్స్-రాయిస్ ‘సిల్వర్ ఘోస్ట్’. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దానికి ఉత్తరువిచ్చి, అది చేతికి రాక మునుపే 1911 ఆగస్టులో మరణించెను. ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ దానిని ఉత్సవములలో మాత్రమే ఉపయోగించెను. ముప్పదియైదు సంవత్సరములలో అది తిరిగినది 356 మైళ్లేనని ప్రసిద్ధి. వచ్చినవారు సింహాసనము వలె ఎత్తుగా అమర్చిన వెనుక ఆసనమును చూచి, ఫోటో తీసికొని ముందుకు సాగుదురు. భౌతికశాస్త్రము బోధించి పొట్ట పోసికొను నా వంటి వాని కన్ను మాత్రము మూసియున్న ఇంజను మూత మీదనే నిలుచును. అసలైన కథ దాని క్రింద ఉన్నది.

ఆ తరగతి ఇంజనులో ఆరు సిలిండర్లు, 7428 ఘన సెంటీమీటర్ల పరిమాణము. విశేష మేమనగా, ఒక్కొక్క సిలిండరునకు ఒకటి కాదు, రెండేసి స్పార్కు ప్లగ్గులు. ఒక వరుస ప్లగ్గులకు బాటరీ నుండి కాయిలు ద్వారా విద్యుత్తు వచ్చును. రెండవ వరుసకు మాగ్నెటో అను చిన్న జనరేటరు నుండి వచ్చును. ఒకే ఇంజనునకు రెండు అగ్గిపెట్టెలు! ప్రపంచములోనే మిక్కిలి ఖరీదైన కార్లలో ఒకదానిని చేయువారు ఈ రెండింటిలో దేనిని కూడ పూర్తిగా నమ్మలేదన్న మాట. వారట్లు అనుమానించుటకు తగిన కారణమే ఉన్నది.

పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమమును సిలిండరులో నొక్కి, సరియైన క్షణమున అంటించవలెను. క్షణము ముందైనచో పిస్టను ఎదురుదెబ్బ తినును. వెనుకైనచో బలము వృథా యగును. 1880 ప్రాంతపు దశకములో డైంలర్ ఎర్రగా కాల్చిన గొట్టముతో ఈ పని జరిపెను. గొట్టమును కాల్చుటకు బయట ఒక దీపము నిరంతరము మండుచుండవలెను. పెట్రోలు బండి మీద మండుచున్న దీపము! విద్యుత్తు మార్గము అంతకు పూర్వమే తెలియును. 1831లో ఫారడే విద్యుత్ప్రేరణమును కనుగొనెను. 1836లో ఐర్లాండులో నికొలస్ కాలన్ ప్రేరణ తీగచుట్టను నిర్మించెను. 1850 తరువాత పారిస్‌లో రూంకార్ఫ్ దానిని మెరుగుపరచెను. 1860లో లెనువార్ తన గ్యాసు ఇంజనులో రూంకార్ఫ్ కాయిలుతోనే నిప్పురవ్వను పుట్టించెను. 1886లో పేటెంటు పొందిన తన మూడు చక్రముల బండికి కార్ల్ బెంజ్ కూడ విద్యుత్తునే ఎన్నుకొనెను. అయినను ఈ అంటించు పని తన కష్టము లన్నింటిలోను పెద్దదని అతడు తలచెను.

ఈ కాయిలు పనిచేయు తీరును కొంచెము నిలిచి చూడవలసి యున్నది. ఏలననగా తరువాతి కథ అంతయు దీని మీదనే నడచును. నిండుగా పారుచున్న కొళాయిని గభాలున కట్టినచో గొట్టము టంగుమని అదరును గదా. అటులనే, ఇనుప తునకల మీద చుట్టిన లావు తీగలో పారుచున్న విద్యుత్ప్రవాహమును హఠాత్తుగా తెంచినచో, దాని అయస్కాంత క్షేత్రము కూలిపోవుచు, పక్కనే వేలకొలది చుట్లు చుట్టిన సన్నని తీగలో గొప్ప వోల్టేజిని పుట్టించును. బాటరీలో ఉన్నది 12 వోల్టులే అయినను ప్లగ్గు వద్దకు వచ్చునప్పటికి అది పది వేలను మించును. అంతా ఆ ‘హఠాత్తుగా’ అను మాటలో ఉన్నది. ప్రవాహమును తెంచు రెండు లోహపు ముక్కలు విడిపోవుచుండగా, వాటి నడుమనే చిన్న రవ్వ పుట్టి ప్రవాహమును కొంతసేపు సాగదీయును. అప్పుడు తెగుట నిదానించును. ప్లగ్గు వద్ద రవ్వ పలుచబడును. 1853లో ఫిజో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ ముక్కలకు సమాంతరముగా ఒక కండెన్సరును కట్టి ఈ దోషమును పోగొట్టెను. విడిపోవు క్షణమున పొంగివచ్చు విద్యుత్తును కండెన్సరు తనలోనికి తీసికొనును. లోహపు ముక్కల మధ్య రవ్వ లేవదు. ఫిజోను కాంతివేగమును కొలిచిన వానిగా పాఠ్యపుస్తకములు చెప్పును. ఈ చిన్న ఉపకారమును అవి అంతగా తలపవు.

సిల్వర్ ఘోస్టు నాటి కాయిలు ట్రెంబ్లరు జాతిది. విద్యుద్ఘంటలోని సుత్తి వలె దాని రేకు కొట్టుకొనుచు, ఒకటి కాదు, వరుసగా పెక్కు రవ్వలను కురిపించును. ఇందులో ఒక సౌకర్యమున్నది. ఇంజను ఆగియున్నను రవ్వ వచ్చును. సిలిండరులో మిశ్రమము మిగిలి యున్నచో, హాండిలు తిప్పనక్కర లేకుండ మీట నొక్కగానే ఇంజను ఒక్కొక్కసారి మేల్కొనును. కాని బాటరీ త్వరగా ఖర్చగును. ఆ రోజులలో దానిని బండిలోనే నింపు ఏర్పాటు సాధారణము కాదు. మాగ్నెటోకు బాటరీ అక్కరలేదు. 1902లో స్టుట్‌గార్ట్‌లో బోష్ కార్ఖానాలో పనిచేయుచుండిన గొట్లోబ్ హోనోల్డ్ అధిక వోల్టేజి మాగ్నెటోను సిద్ధము చేసెను. తిరిగినంత కాలము దానికి ఢోకా లేదు, కాని నెమ్మదిగా తిరుగునప్పుడు రవ్వ బలహీనము. మొదలు పెట్టుటకు కాయిలు, పరుగెత్తుటకు మాగ్నెటో: నిజాము కారులోని రెండు వరుసల ప్లగ్గులకు అర్థమిదే.

అమెరికాలో కెటరింగ్ మూడవ మార్గమును త్రొక్కెను. కొట్టుకొను రేకును తీసివేసి, ఇంజనుతో తిరుగు మిట్ట ఒకటి లోహపు ముక్కలను సరిగా అవసరమైన క్షణమున ఒక్కసారి విడదీయునట్లు చేసెను. ఒక పేలుడునకు ఒకే రవ్వ, బాటరీకి ఆదా. 1910 నమూనా కాడిలాక్ కార్లలో అది ప్రవేశించెను. నేడు పాత కార్ల డిస్ట్రిబ్యూటరు మూత తీసినచో కనబడు ‘పాయింట్లు’ ఆ వంశమువే.

ఇక్కడ హైదరాబాదు పేరు అనుకోని చోట మరల వినబడును. 1914లో యుద్ధము వచ్చునప్పటికి బ్రిటనులో వాడుచుండిన మాగ్నెటోలలో అత్యధిక భాగము జర్మనీ సరకు. శత్రువు అగ్గిపెట్టె ఇయ్యడు గదా! బర్మింగ్‌హామ్‌లో దీపములు చేయుచుండిన జోసెఫ్ లూకాస్ సంస్థ ఆ సంవత్సరమే ఒక మాగ్నెటో కర్మాగారమును కొని ఈ వృత్తిలో దిగెను. ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన కానుకతో బ్రిటిషు వాయుసేనలో 110వ దళము డి.హెచ్. 9ఎ విమానములను పొంది ‘హైదరాబాదు స్క్వాడ్రన్’ అను పేరు తెచ్చుకొనెను. 1918 సెప్టెంబరులో అది ఫ్రాన్సునకు పోయెను. రోల్స్-రాయిస్ ఇంజనులు చాలక, ఆ విమానములకు అమెరికా ‘లిబర్టీ’ ఇంజనులు బిగించిరి. పన్నెండు సిలిండర్ల లిబర్టీకి మాగ్నెటో లేదు. ఉన్నది కెటరింగ్ వంశపు డెల్కో బాటరీ ఇగ్నిషను. సిలిండర్ల రెండు వరుసల నడుమ కోణము 45 డిగ్రీలే యగుటచే రవ్వలు సమాన వ్యవధులలో పడవు. అట్టి ఎగుడుదిగుడు లయకు మాగ్నెటోను ఒప్పించుట కష్టము. కాయిలు, డిస్ట్రిబ్యూటరు తేలికగా ఒప్పుకొనెను. ఆ విమానములలో ఒకటి 1918 అక్టోబరులో జర్మనుల చేత చిక్కి, బెర్లిను, పోలండుల మీదుగా చివరకు లండను వాయుసేన మ్యూజియమునకు చేరినది. ‘హైదరాబాదు నెం. 12ఎ’ అను వ్రాత నేటికిని దాని మీద ఉన్నది. రాజుగారి కారు చౌమహల్లాలో, రాజుగారి విమానము లండనులో!

యుద్ధానంతరము బండిలోనే బాటరీని నింపు డైనమో సర్వసాధారణమైనది. మాగ్నెటో క్రమముగా కార్ల నుండి తప్పుకొనెను. బ్రిటిషు క్రీడా కార్లు, ముఖ్యముగా ఎం.జి., ట్రయంఫ్ బండ్లు, లూకాస్ డిస్ట్రిబ్యూటరునకు అలవాటు పడెను. 1962లో వచ్చిన ఎం.జి.బి.లో 25డి4 రకము చాల కాలము ఉండెను. బ్రిటిషు మోటారు ప్రియులు లూకాస్‌ను ‘చీకటి రాకుమారుడు’ అని ఎగతాళి చేయుదురు. నా మట్టుకు నాకు అది సగము అన్యాయమని తోచును. ముప్పది, నలుబది సంవత్సరములు నూనె చుక్క ఎరుగని యంత్రము మొరాయించినచో నింద దానిని చేసిన వానికా?

మన దేశమునకు ఆ కుటుంబపు చుట్టమొకటి వచ్చినది. 1961 నుండి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఇంగ్లండులోని ట్రయంఫ్ హెరాల్డే. ఆ చట్రము ఆధారముగానే 1962లో స్పిట్‌ఫైర్ అను క్రీడా కారు పుట్టినది. లూకాస్-టి.వి.ఎస్. కూడ 1961లో మద్రాసులోనే వెలసినది. మా మేనమామగారికి అట్టి హెరాల్డు ఒకటి ఉన్నది. కొన్ని ఏండ్ల క్రింద మే నెల మధ్యాహ్నము, మదీనా చౌరస్తా సమీపమున అది దగ్గి దగ్గి ఆగిపోయినది. వచ్చిన మెకానిక్కు ‘ఎండకు పెట్రోలు ఆవిరైనది’ అని పంపు మీద తడిగుడ్డ వేసెను. అరగంట తరువాత బండి కదలినది. రోగము తెలిసినదని అందరము సంతోషించితిమి. మరునాడు మరల అదే వరుస. పంపు మార్చినారు, ట్యాంకు కడిగినారు, కార్బురేటరులో కచరా అని దానిని రెండు మారులు విప్పినారు. ఖర్చు పెరిగినది, బండి మాత్రము అట్లే. విసిగిపోయి మామయ్య దానిని తుక్కు క్రింద అమ్ముటకు బేరము కూడ మాట్లాడినారు.

ఆఖరి మాటగా పాతబస్తీలోని ఒక వృద్ధ ఉస్తాదునకు చూపించితిమి. నేను తడిగుడ్డ సంగతి వివరింపబోగా ఆయన చేయి అడ్డుపెట్టి, “పెట్రోల్ తర్వాత చూద్దాం సాబ్, ముందుగాల కరెంట్ చూడాలె” అన్నాడు. బండిని బాగుగా వేడెక్కనిచ్చి, అది ఆగిన వెంటనే డిస్ట్రిబ్యూటరు మూత తీసెను. కాయిలు నుండి వచ్చు లావు తీగ కొసను పొడి చెక్కతో పట్టి ఇంజనునకు పావు అంగుళము దూరమున నిలిపి, స్క్రూడ్రైవరుతో పాయింట్లను విడదీసెను. లావు తీగ వద్ద పలుచని పసుపు రవ్వ, రాలేక వచ్చినది. పాయింట్ల వద్ద మాత్రము కొవ్వువత్తి వెలిగినట్లు పెద్ద రవ్వ! కండెన్సరు వేడికి చెడినదని వేరొక సాక్ష్యము అక్కరలేదు. తడిగుడ్డ వేసిన అరగంటలో పంపుతోబాటు కండెన్సరు కూడ చల్లబడినది. బండి కదలుటకు కారణ మదియే. నేను ఏటేట తరగతిలో ఫిజో కండెన్సరును బోర్డు మీద గీసి చూపువాడను. మూడు వారములు ఆ బండి చుట్టు తిరిగియు నాకది తట్టలేదు.

కొత్త కండెన్సరు వేయగానే నీలిరంగు రవ్వ టపటపలాడినది. కాని ఉస్తాదు అంతతో వదలలేదు. రవ్వలు తిని గుంటలు పడిన పాయింట్లను మార్చి, వాటి ఎడమును రేకుతో కొలిచెను. లూకాస్ పాయింట్ల ఎడము 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉండవలెను. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 సార్లు తిరుగునప్పుడు సెకనునకు 100 రవ్వలు కావలెను. మిట్ట 60 డిగ్రీలు తిరుగునంత సేపు పాయింట్లు మూసియుండును. అనగా కాయిలు నిండుటకు ఒక్కొక్కసారి దొరకునది సెకనులో 150వ వంతు మాత్రమే. ఎడము పెరిగినచో ఆ వ్యవధి తగ్గును. వేగములో రవ్వ తప్పును. ఎడము తగ్గినచో పాయింట్లు ఆలస్యముగా తెరచుకొనును. రవ్వ వెనుకబడి ఇంజను వేడెక్కును. మిట్టకు ఆనియుండు మడమ అరుగుటచే కాలక్రమమున జరుగునది ఈ రెండవదే. కనుక ముందు ఎడము, తరువాతనే టైమింగు. వరుస మార్చినచో చేసిన టైమింగు చెడును.

ఆయన చెప్పిన తక్కిన సంగతులలో రెండు నాకు కొత్తవి. డిస్ట్రిబ్యూటరు లోపలి పళ్లెమును భూమికి కలుపు గుడ్డతొడుగు తీగ తొడుగు లోపలనే తెగును. చూపులకు నిక్షేపముగా ఉండును. వాక్యూమ్ అడ్వాన్సు పళ్లెమును లాగినప్పుడెల్ల రవ్వ పోవుచు వచ్చుచుండును. రెండవది, పాత బ్రిటిషు బండ్లలో బాటరీ ధన ధ్రువము భూమికి కలుపబడి యుండెడిది. రేడియో కోసమో మరి దేని కోసమో ఋణ ధ్రువమునకు మార్చినవారు కాయిలు తీగలను తారుమారు చేయుట మరతురు. అప్పుడు ప్లగ్గు నడిమి కడ్డీ ఋణముగా ఉండవలసినది ధనమగును. వేడియైన నడిమి కడ్డీ నుండి ఎలక్ట్రానులు సులభముగా వెడలును. ఆ లాభము పోయి రవ్వకు మరింత వోల్టేజి కావలసి వచ్చును. బండి నడచును, కాని చలి ఉదయములలో, ఎత్తు ఎక్కునప్పుడు ఏడ్చును. వానాకాలమున మూతలో తేమ చేరి రవ్వ అడ్డదారిన పరుగెత్తుట, రోటరు పగులులో నుండి కారిపోవుట తెలిసినవే. పగులు పట్టిన మూతను చీకటిలో చూచిన తేలికగా దొరకును.

బేరము రద్దైనది. హెరాల్డు ఇప్పటికిని వారమునకొకసారి అఫ్జల్‌గంజ్ దాటి వచ్చును. మామయ్య దాని అరలో ఒక కండెన్సరును గుడ్డలో చుట్టి ఉంచినారు. అది కొత్తది కాదు. నాలుగు నెలలు బండిలో తిప్పి, నిలిచినదని తేలిన తరువాత విప్పి దాచినది. ఉస్తాదు సలహాయే అది.