అవయవ మార్పిడి: ధర్మవేత్తలు నడచిన దారి



కిందటి మాసం ఇషా నమాజు తరువాత ఒక సోదరుడు నా కోసం ఆగాడు. “హజ్రత్! మా తమ్ముడికి రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. నాది ఒకటి ఇవ్వవచ్చునా? ఇంట్లో పెద్దలు హరామ్ అంటున్నారు” అన్నాడు.

ఆ పెద్దల మాటను తేలికగా త్రోసివేయరాదు. మృతుని ఎముక విరచడం సజీవుని ఎముక విరచడం వంటిదేనన్న ప్రవక్త (స) బోధ అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉన్నది. దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మ) అవయవ మార్పిడిని సమ్మతించకపోవడానికి మూలం ఇదే. మదర్సాలో నేను నేర్చుకున్నదీ ఆ అభిప్రాయమే.

అయితే మన హనఫీ ఫిఖహ్ గ్రంథాలలోనే మరొక తీర్పు ఉన్నది. గర్భిణి మరణించి, కడుపులో శిశువు కదులుతూ ఉంటే, ఆమె ఉదరం కోసి శిశువును వెలికితీయాలి. మృతదేహ గౌరవం ఎరుగనివారు కారు ఆ ఫుఖహాలు! అంతకు పూర్వమే, యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్‌ఫజా (రజి) పెట్టించుకున్న వెండి ముక్కు దుర్వాసన కొట్టగా, పురుషులకు నిషిద్ధమైన బంగారంతోనే చేయించుకోమని ప్రవక్త (స) ఆదేశించారు.

ఆధునిక ఉలమాలు ఈ ఆధారాలన్నిటినీ ముందుంచుకొని చర్చించారు. 1982లో సౌదీ ఉలమా మండలి అవయవ మార్పిడిని అనుమతించింది. మెదడు పూర్తిగా, మరలిరాని విధంగా నశిస్తే మరణమేనని 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ నిర్ణయించింది. గుండె ఆగేవరకు మరణమని అనరాదని మరుసటి ఏడాది మక్కా ఫిఖహ్ మండలి పలికింది. ఆ భేదం నేటికీ తీరలేదు. 1988లో జిద్దాలో అదే అకాడమీ, దాత ప్రాణానికి ముప్పు లేనప్పుడు సజీవుని నుండి, ముందస్తు సమ్మతి ఉన్నప్పుడు మృతుని నుండి అవయవం తీసుకోవచ్చునన్నది. విక్రయాన్ని మాత్రం నిషేధించింది.

మన దేశపు ఫిఖహ్ అకాడమీ 1989లో ఢిల్లీలో సమావేశమైంది. ఒక మూత్రపిండంతో దాత జీవించగలడని నిపుణులైన వైద్యులు చెబితే, వెల తీసుకోకుండా రోగియైన బంధువుకు ఇవ్వవచ్చునన్నది. మరణానంతర దానానికి వ్రాసే వసీయత్‌ను మాత్రం అంగీకరించలేదు. ఈ రెండవ విషయంలో జిద్దా తీర్పు వేరు. నా మనస్సూ ఇంకా ఒక వైపుకు మొగ్గలేదు.

సోదరుని ప్రశ్న మొదటిదానికి చెందినది. వైద్యులు సరేనంటే ఇవ్వవచ్చునని చెప్పాను. అతడు లేచి, తలుపు దగ్గర ఆగి, “తమ్ముడు తన వాటా పొలం నా పేర వ్రాస్తానంటున్నాడు” అన్నాడు. మళ్ళీ కూర్చోమన్నాను. ముందుగా మాట్లాడుకున్న పొలం వెల అవుతుంది. మూత్రపిండం ఇవ్వు, పొలం వద్దని చెప్పు అన్నాను.