బఫెలో నుంచి ఎయిర్ ఫ్రయర్ దాకా: కోడి రెక్క చరిత్ర

కోడి రెక్కలో మూడు భాగాలుంటాయి. భుజం కీలుకు అంటుకుని, చిన్న లెగ్‌పీసులా కనిపించే ముక్కను అమెరికా వంటవాళ్లు డ్రమెట్ అంటారు. దాని తర్వాత రెండు సన్నని ఎముకలు పక్కపక్కనే ఉండే చదునైన ముక్క ఫ్లాట్. చివర్లో మాంసమన్నదే దాదాపు లేని కొస. మొత్తం మీద రెక్కలో మాంసం తక్కువ, తోలు ఎక్కువ. చాలాకాలం రెక్కను ఎవరూ పట్టించుకోకపోవడానికీ, ఆ తర్వాత దాని ధర ఎగబాకడానికీ ఈ తోలే కారణం. తోలు మెత్తగా ఉడికితే రబ్బరులా సాగుతుంది. బాగా వేగితే కరకరలాడుతుంది. అది వేగే దారి దొరకడంతోనే రెక్కకు మంచిరోజులు మొదలయ్యాయి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో కోళ్లను పెంచేది ప్రధానంగా గుడ్ల కోసం. గుడ్లు పెట్టడం మానేసిన పెట్టలు కూరకు పోయేవి. మాంసం కోసమే కోళ్లను మందలుగా పెంచే పద్ధతి 1923లో డెలావేర్ రాష్ట్రంలో, దాదాపు పొరపాటున మొదలైంది. ఓషన్ వ్యూ అనే ఊళ్లో సెసిల్ స్టీల్ అనే గృహిణి గుడ్ల కోసం 50 పిల్లలకు ఆర్డరిస్తే 500 వచ్చాయి. ఆమె వాటిని తిప్పి పంపకుండా పెంచి, లేతగా ఉండగానే మాంసానికి అమ్మింది. లాభం రావడం చూసి చుట్టుపక్కల రైతులు అదే బాట పట్టారు. బ్రాయిలర్ పరిశ్రమ చరిత్రను ఇక్కడి నుంచే మొదలుపెడతారు. 1948లో ముగిసిన ‘చికెన్ ఆఫ్ టుమారో’ జాతీయ పోటీ రొమ్ము వెడల్పుగా, కండ దిట్టంగా ఉండే కోడి కోసం జరిగింది. పరిశ్రమ దృష్టి అంతా రొమ్ము మీద, కాళ్ల మీదే. రెక్కలు, వీపు, మెడ సూపుల కుండలోకో, సాస్ మరిగించే గిన్నెలోకో వెళ్లేవి.

ఈ పరిస్థితి మారింది న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో. ఈరీ సరస్సు ఒడ్డున, ఈరీ కాలువ చివర పెరిగిన ఈ ఊరు కర్మాగారాలకు, కార్మికులకు, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉండే బార్లకు పేరు. మెయిన్ స్ట్రీట్‌లోని యాంకర్ బార్‌ను ఫ్రాంక్, టెరెసా బెలిసిమో దంపతులు నడిపేవారు. 1964లో టెరెసా రెక్కలను కీళ్ల దగ్గర కోసి, పిండి పట్టించకుండానే నూనెలో వేయించి, కారపు సాస్‌లో కలిపి వడ్డించిందని ప్రతీతి. ఎందుకు అలా చేసిందనే దగ్గర కథలు చీలిపోతాయి. సాస్ కోసం వీపు, మెడ ముక్కలు చెప్పి పంపితే పొరపాటున రెక్కలు వచ్చాయని, వాటితో ఏదో ఒకటి చేయమని భార్యను అడిగానని ఫ్రాంక్ చెప్పేవాడు. కొడుకు డొమినిక్ చెప్పింది వేరు: అది శుక్రవారం రాత్రి. మాంసం ముట్టని కేథలిక్కులు అర్ధరాత్రి దాటాక మళ్లీ తినొచ్చు. ఆ సమయానికి బార్‌లో ఉన్నవాళ్ల కోసం అమ్మ ఇది చేసిందని అతని మాట.

అదే కాలంలో, అదే ఊళ్లోని నల్లజాతివారి పేటలో జాన్ యంగ్ రెక్కల దుకాణం నడిపేవాడు. పేరు వింగ్స్ ఎన్ థింగ్స్. అతను రెక్కను ముక్కలు చేయకుండా పిండి అద్ది వేయించి, మంబో సాస్ అనే తీపి, పులుపు, కారం కలిసిన ఎర్రని సాస్ పోసి ఇచ్చేవాడు. 1970లో అతను బఫెలో విడిచి వెళ్లిపోయాడు. యాంకర్ బార్ మాత్రం అక్కడే ఉంది, పేరు దానికే నిలిచింది. 1980లో కాల్విన్ ట్రిలిన్ ‘న్యూయార్కర్’ పత్రికలో ఈ రెక్కల చరిత్ర రాస్తూ ఫ్రాంక్ కథనూ, డొమినిక్ కథనూ, తనే మొదలుపెట్టానన్న యంగ్ వాదననూ పక్కపక్కన పెట్టాడు. రెక్కలకు సాస్ పోసి అమ్మడం యంగ్‌కూ తెలుసు. పిండి లేకుండా ముక్కలుగా వేయించి, వెన్న కలిపిన కారపు సాస్‌లో దొర్లించే పద్ధతి మాత్రం యాంకర్ బార్ పేరు మీదే ప్రపంచానికి తెలిసింది.

ఆ సాస్ తయారీ తేలిక. ఎర్ర కాయెన్ మిరపకాయలను ఊరబెట్టి, వెనిగర్ కలిపి తీసిన పలచటి రసంలో కరిగించిన వెన్నో మార్జరినో కలుపుతారు. వెన్న కారాన్ని తగ్గిస్తుంది, పలచటి రసం జారిపోకుండా ముక్కకు పట్టేలా చేస్తుంది. వేగిన రెక్కల్ని గిన్నెలో వేసి, సాస్ పోసి, గిన్నెను ఎగరేస్తూ కలుపుతారు. పళ్లెంలో పక్కన సెలెరీ కాడలు, చిన్న కప్పులో బ్లూ చీజ్ డ్రెస్సింగ్ పెడతారు. మంట పుట్టిన నోటికి ఆ రెండూ ఉపశమనం. 1977 జులై 29ని బఫెలో నగరపాలక సంస్థ చికెన్ వింగ్ డేగా ప్రకటించింది.

ఊరు దాటడానికి మాత్రం మరికొంత కాలం పట్టింది. 1982లో ఒహాయో రాష్ట్రంలో బఫెలో వైల్డ్ వింగ్స్, 1983లో ఫ్లోరిడాలో హూటర్స్ మొదలయ్యాయి. 1991 నుంచి 1994 వరకు వరుసగా నాలుగు సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) పోటీల్లో బఫెలో బిల్స్ జట్టు ఆడింది. నాలుగూ ఓడినా, ఆ ఊరి తిండి గురించి దేశమంతా మాట్లాడుకుంది. టీవీ ముందు కూర్చుని చేతులతో తినడానికి రెక్కలు అనువైనవి కావడంతో సూపర్ బౌల్ అంటే రెక్కలన్న అలవాటు స్థిరపడింది. ఇటీవలి సంవత్సరాల్లో ఆ ఒక్క వారాంతంలోనే అమెరికన్లు 140 కోట్లకు పైగా రెక్కలు తింటారని అక్కడి నేషనల్ చికెన్ కౌన్సిల్ అంచనా.

ఈ వ్యాప్తి వెనక మార్కెట్ లెక్క కూడా ఉంది. 1980లలో కొవ్వు తక్కువని రొమ్ముమాంసానికి గిరాకీ పెరిగింది. మెక్‌డొనాల్డ్స్ 1983లో దేశమంతా మెక్‌నగెట్లు అమ్మడం మొదలుపెట్టింది. రొమ్ము తీసుకున్నాక రెక్కలు పోగుపడేవి, కాబట్టి చవక. బార్లకు, చెయిన్ హోటళ్లకు అదే లాభమైంది. కానీ ఒక్కో కోడికి రెక్కలు రెండే. గిరాకీ పెరిగేకొద్దీ ధర ఎక్కి, 2000 తర్వాతి దశాబ్దం చివరికి టోకు మార్కెట్లో రెక్కలు ఎముకలేని రొమ్ముమాంసాన్ని మించిపోయిన సందర్భాలూ వచ్చాయి. హోటళ్లు రొమ్ముమాంసాన్నే చిన్న ముక్కలుగా కోసి, పిండిలో వేయించి ‘బోన్‌లెస్ వింగ్స్’ పేరుతో అమ్మడానికి రెక్కల ధర పెరగడమూ ఒక కారణం.

అన్నేళ్లూ రెక్కలు బార్ల తిండిగానే మిగలడానికి కారణం నూనె. 175 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న నూనెలో ముక్క మునిగితే అన్ని వైపుల నుంచీ వేడి ఒక్కసారిగా అందుతుంది. తోలులోని నీరు బుడగలై పైకి పోతుంది, లోపలి కొవ్వు కరిగి బయటికి వస్తుంది, పై పొర ఎండి గట్టిపడుతుంది. మాంసకృత్తులు, చక్కెరలు కలిసి గోధుమ రంగునీ కమ్మటి వాసననీ ఇచ్చే చర్య కూడా అప్పుడే జరుగుతుంది. ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో వివరించడంతో దానికి ఆయన పేరే వచ్చింది. రోజంతా బార్‌లో నూనె కాగుతూనే ఉంటుంది. ఇంట్లో మాత్రం నాలుగు రెక్కల కోసం లీటర్ల నూనె కాచి, మిగిలినదాన్ని ఏం చేయాలో తెలియక చూడాల్సి వస్తుంది.

నూనెకు బదులు కదిలే వేడిగాలిని వాడాలన్న ఆలోచన విమానాల్లో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విలియం మాక్సన్ సుదూర విమానాల కోసం గడ్డకట్టించిన భోజనాలను, వాటిని వేడిచేయడానికి ఫ్యాన్ అమర్చిన ‘వర్ల్‌విండ్’ ఓవెన్‌ను తయారుచేశాడు. నిశ్చలంగా ఉన్న గాలి వేడిని మందకొడిగా ఇస్తుంది. ముక్క చుట్టూ చల్లటి తేమ పొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. ఫ్యాన్ ఆ పొరను చెదరగొడుతుంది. తర్వాతి దశాబ్దాల్లో కన్వెక్షన్ ఓవెన్ల పేరుతో ఇదే సూత్రం బేకరీల్లోకి, హోటళ్ల వంటిళ్లలోకి వచ్చింది. నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్రెడ్ వాన్ డెర్ వై దాన్ని ఇంటి గట్టు మీద పట్టేంత కుదించాడు. ఆయన ధ్యాస రెక్కల మీద లేదు; ఓవెన్లో మెత్తబడిపోయే బంగాళాదుంప ఫ్రైలను కరకరలాడించడం మీదే ఉండేది. ఆ నమూనా ఆధారంగా ఫిలిప్స్ 2010లో బెర్లిన్ ఐఎఫ్ఏ ప్రదర్శనలో ఎయిర్‌ఫ్రయర్‌ను విడుదల చేసింది. పైన వేడి తీగ, దాని మీద ఫ్యాన్, కింద జల్లెడలాంటి బుట్ట: ఆ అమరిక ఇప్పటికీ పెద్దగా మారలేదు.

బంగాళాదుంప కోసం పుట్టిన ఈ పెట్టెకు రెక్క అంతకన్నా బాగా కుదిరింది. దుంప ముక్కకు పైనుంచి కాస్త నూనె పట్టించాలి. రెక్క తన నూనెను తోలు కిందే మోసుకొస్తుంది. 200 డిగ్రీల గాలి తగలగానే ఆ కొవ్వు కరిగి, తోలును తడుపుతూ, వేయిస్తూ, బుట్ట రంధ్రాల్లోంచి కిందికి జారిపోతుంది. తీగకు దగ్గరగా ఉన్న వైపు ముందు వేగుతుంది కాబట్టి మధ్యలో ఒకసారి తిప్పాలి. ఒకే వరసగా పేరిస్తే ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. బుట్ట నిండా కుక్కితే గాలి తిరగక, తేమ పోక, తోలు ఉడుకుతుంది తప్ప వేగదు. కోడిమాంసానికి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే సురక్షితమైన లోపలి వేడి 74 డిగ్రీలు. రెక్కలను అంతకు మించి వేయిస్తేనే కీళ్ల చుట్టూ ఉండే కొల్లాజెన్ కరిగి మాంసం ఎముకను వదులుతుంది.

నూనె చేసే పనిలో కొంత ముందే జరిగితే గాలికి శ్రమ తగ్గుతుంది. కాగితంతో తడి అద్ది, ఉప్పూ బేకింగ్ పౌడరూ పట్టించి, ఫ్రిజ్‌లో మూత లేకుండా రాత్రంతా ఉంచే పద్ధతి అమెరికా వంట రచయితల ద్వారా ప్రచారమైంది. కిలో రెక్కలకు రెండు టీస్పూన్ల పొడి చాలు. దానిలోని క్షారగుణం తోలు రంగు తిరగడాన్ని త్వరపెడుతుంది, పుట్టే సన్నని బుడగలు పై పొరను గరుకుగా మార్చి కరకరను పెంచుతాయి. అంత మోతాదులో వంటసోడా వాడితే చేదు తగులుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో రెక్కకు ఇంకో చరిత్ర ఉంది. బార్లలో, ఇండో చైనీస్ హోటళ్లలో దొరికే చికెన్ లాలీపాప్ రెక్క ముక్కే. మాంసాన్ని ఎముక మీది నుంచి ఒక కొసకు నెట్టి గుండ్రంగా చేసి, మైదా, కార్న్‌ఫ్లోర్, గుడ్డు కలిపిన పిండిలో ముంచి వేయిస్తారు. బఫెలోలో లాగే ఇక్కడా అది మందు పక్కన తినే చిరుతిండి. కానీ కరకర వచ్చేది తోలు వల్ల కాదు, పిండి వల్ల. పచ్చి పిండి ఎయిర్ ఫ్రయర్ బుట్టలో కారిపోతుంది, ఫ్యాన్ గాలికి చెదురుతుంది. అందుకే ఇంట్లో ఆ పెట్టెలో లాలీపాప్ హోటల్ రుచికి రాదు.

ఇంకో చిక్కు చికెన్ షాపు నుంచే మొదలవుతుంది. నాటుకోడిని ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు రాసి తోలుతోనే వండటం ఊళ్ల అలవాటు. బ్రాయిలర్ వచ్చాక స్కిన్, స్కిన్‌లెస్ అని రెండు రేట్ల బోర్డు వచ్చింది, పట్నాల్లో చాలామంది రెండోదే అడుగుతారు. తోలు తీసిన రెక్కకు వేయించుకోవడానికి సొంత కొవ్వు ఉండదు. పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం పట్టించి ఎంత ఊరబెట్టినా ఎయిర్ ఫ్రయర్‌లో అది తందూరీలా పొడిగా కాలుతుంది. ఆ రుచి బాగానే ఉంటుంది గానీ కరకర ఉండదు. కరకర కావాలంటే తోలుతో ఉన్న రెక్కలే కొట్టించుకోవాలి. తడి మసాలాకు బదులు ఉప్పు, కారం, మిరియాల పొడి అద్ది, వెన్న కలిపిన సాస్‌నో వేయించిన కరివేపాకు వెల్లుల్లినో చివర్లో, బుట్టలోంచి తీశాకే కలపాలి. అమెరికాలోని తెలుగు ఇళ్లలో తోలున్న రెక్కలు సూపర్ మార్కెట్లో సిద్ధంగా దొరుకుతాయి కాబట్టి ఈ పని ఇంకా తేలిక.