షుగర్ బార్డర్‌లో ఉందంటే... దస్తర్‌ఖాన్ మీద ఏం మారాలి?

"షుగర్ బార్డర్‌లో ఉంది" అని డాక్టర్ చెప్పగానే చాలామంది "ఇంకా రాలేదు కదా, అల్‌హందులిల్లాహ్" అనుకుని రిపోర్టును బీరువాలో పెట్టేస్తారు. ఈ దశకే ప్రీడయాబెటిస్ అని పేరు. నొప్పి ఉండదు, లక్షణాలు దాదాపు కనిపించవు. కానీ షుగర్ జబ్బును ఆపడానికి, లేదంటే కనీసం కొన్నేళ్లు వెనక్కి నెట్టడానికి ఇదే మంచి సమయం. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి డయాబెటిస్ ఉంది. ఇంకో 13.6 కోట్ల మంది ప్రీడయాబెటిస్ దశలో ఉన్నారు.

రిపోర్టులో ఏ అంకెలు చూడాలి?

- పరగడుపున: 100 నుంచి 125 ఉంటే ప్రీడయాబెటిస్. 126, ఆపైన ఉంటే డయాబెటిస్.
- 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన 2 గంటలకు: 140 నుంచి 199 ఉంటే ప్రీడయాబెటిస్. 200, ఆపైన ఉంటే డయాబెటిస్.
- హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు: 5.7 నుంచి 6.4 ఉంటే ప్రీడయాబెటిస్. 6.5, ఆపైన ఉంటే డయాబెటిస్.

లక్షణాలు లేనివారికి ఒక్క టెస్టుతోనే జబ్బు ఉందని తేల్చరు, మళ్లీ చేయిస్తారు. రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ తప్పు చూపించవచ్చు. కాబట్టి ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి.

అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉన్నవారు, నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటిన మగవాళ్లు, 80 దాటిన ఆడవాళ్లు టెస్టు చేయించుకోవడం మంచిది. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన తల్లులు ప్రసవమైన 4 నుంచి 12 వారాల్లో ఒకసారి, ఆ తర్వాత కూడా క్రమం తప్పకుండా చేయించుకోవాలి. కాన్పుతో షుగర్ పోయిందనుకుని ఊరుకుంటే అది కొన్నేళ్లకు తిరిగి వచ్చే ప్రమాదం ఎక్కువ.

అసలు లెక్క అన్నం దగ్గరే

అన్నం, రొట్టె, నాన్, ఆలూ, చక్కెర అన్నిట్లోనూ ప్రధానంగా ఉండేది పిండిపదార్థాలు, అంటే కార్బ్స్. అవి కడుపులో అరిగి గ్లూకోజ్‌గా మారతాయి. ప్రీడయాబెటిస్‌లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక ఆ గ్లూకోజ్ రక్తంలోనే ఎక్కువసేపు ఉండిపోతుంది. ఒకేసారి వచ్చే కార్బ్స్ తగ్గితే ఒంటిమీద ఆ భారం తగ్గుతుంది.

100 గ్రాముల వండిన అన్నంలో సుమారు 28 గ్రాముల కార్బ్స్ ఉంటాయి. ఒక ప్లేటు బిర్యానీలో అన్నమే 300 గ్రాములుంటే 80 గ్రాములు దాటినట్టే. దాని మీద డబల్ కా మీఠా, చక్కెర వేసిన చాయ్ తోడైతే లెక్క ఇంకా పెరుగుతుంది. అదే గుడ్లు, చికెన్, మటన్, చేపల్లో కార్బ్స్ దాదాపు ఉండవు.

జొన్నరొట్టె, రాగిముద్ద ఎంతైనా తినొచ్చనుకోవడం పొరపాటు. వాటిలో పీచు ఎక్కువన్నది నిజమే, కానీ అవి కూడా పిండే. హలీమ్‌లో గోషత్‌తో పాటు గోధుమ, పప్పు కూడా ఉంటాయని మరిచిపోవద్దు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదని చెబుతున్నాయి. మన దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోంది.

ఇంటి వంటతోనే సాధ్యం

దీనికి ఖరీదైన పొడులు, స్పెషల్ పిండ్లు అక్కర్లేదు.

- ప్లేటులో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. పావు వంతు గోషత్, చేప, గుడ్డు లేదా పప్పు. అన్నమో రొట్టో మిగిలిన పావు వంతే.
- అన్నాన్ని ఒకేసారి మానేయకుండా, 300 గ్రాములు తినేవారు 150కి తగ్గించినా పూటకు 40 గ్రాములకు పైగా కార్బ్స్ తగ్గుతాయి.
- ముందు కూర, గోషత్, కీరా ముక్కలు తిని, చివర్లో అన్నం తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు.
- పాలక్ గోషత్, మేథీ కీమా, గుడ్ల కూర, చేపల పులుసు, బీరకాయ, దొండకాయ వంటివి మార్చి మార్చి వండుకోవచ్చు. అన్నం తగ్గించాం కదా అని డాల్డా, నూనె పెంచకూడదు.
- చాయ్‌లో చక్కెర, పక్కన బిస్కెట్లు, షర్బత్‌లు ముందుగా తగ్గించాలి.
- తిన్నాక 10-15 నిమిషాలు నడవాలి.

చాలా ఇళ్లలో అందరికీ వడ్డించి అమ్మీ చివర్లో తింటుంది. అప్పటికి ముక్కలు అయిపోయి, అన్నం, షోర్బా మిగులుతాయి. ఆమె షుగర్ తగ్గాలంటే ఆమె వాటా గోషత్, కూర ముందే తీసి పెట్టాలి. ఒక్కరికి విడిగా వండేకంటే ఇంటిల్లిపాదీ ఇలా తినడమే తేలిక. మితంగా తినమన్న ప్రవక్త (స) బోధనకూ ఇది దగ్గర.

నిజంగా పనిచేస్తుందా?

ప్రీడయాబెటిస్ ఉన్న 531 మందితో మన దేశంలో జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. మూడేళ్లలో మామూలు సలహా మాత్రమే అందుకున్నవారిలో 55 శాతం మందికి డయాబెటిస్ వచ్చింది. తిండి మార్చుకుని, రోజూ నడిచినవారిలో అది 39 శాతమే. అందులో అన్నం పూర్తిగా మాన్పించలేదు. చక్కెర, మెత్తటి పిండి, నూనె తగ్గించి పీచు పెంచారు.

రంజాన్‌లో

ఇఫ్తార్‌లో ఒకట్రెండు ఖర్జూరాలు, నీళ్లతో మొదలుపెట్టి, సమోసాలు, షర్బత్‌లకు బదులు చనా, గుడ్డు, గ్రిల్ చేసిన చికెన్ తీసుకోవచ్చు. సహరీలో ఒట్టి అన్నమో పరాఠాలో కాకుండా గుడ్లు, పెరుగు, పప్పు ఉంటే ఆకలి ఆగుతుంది. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదని ఎక్కువమంది ఉలమా అభిప్రాయం.

డాక్టర్‌ను అడక్కుండా చేయకూడనివారు

ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు అన్నం బాగా తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మందు డోసు ముందే సరిచేయించుకోవాలి. డపాగ్లిఫ్లోజిన్ వంటివి వాడేవారు కార్బ్స్ మరీ తగ్గిస్తే రక్తంలో కీటోన్లు చేరే ప్రమాదం ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా ఇలాంటి డైట్ మొదలుపెట్టొద్దు. ఇలాంటివారు రోజా విషయం కూడా రంజాన్‌కు నెలా రెండు నెలల ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

మార్పు మొదలుపెట్టిన మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించుకోవాలి. అంకె మామూలుకు వచ్చినా ఏటా ఒకసారి టెస్టు తప్పనిసరి. పాత తిండికి వెళ్తే షుగర్ కూడా పాత చోటికే వస్తుంది.