కార్లో కుక్క, యాభై రూపాయల జరిమానా

పత్తికొండ పేరు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది మన్రో దొర వల్ల. 1827 జూలై 6న కలరాతో ఇక్కడే పోయాడు. ఆయన గుర్తుగా సర్కారు ఇక్కడ బావి కట్టించి చెట్లు నాటించింది. మా సీమ ఎండల్లో మనిషికైనా పశువుకైనా కావాల్సినవి ఆ రెండే, నీళ్ళూ నీడా. కుక్కని కార్లో పెట్టి షాపింగుకి పోయేవాళ్ళు దానికి ఆ రెండూ లేకుండా చేస్తున్నారు.

అడిగితే "అద్దం కొంచెం దించాం లెండి" అంటారు. 2005లో అమెరికాలో కొలిచి చూస్తే గంటలో కారు లోపల సగటున 22 డిగ్రీలు పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దం కాస్త దించినా పెద్ద తేడా లేదు.

మరి చట్టం? రుక్మిణీదేవి అరండేల్ 1953లో రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. ప్రభుత్వమే తెస్తుందని నెహ్రూ మాటిచ్చాక వెనక్కి తీసుకున్నారు. 1960లో చట్టం వచ్చింది. చాలినంత తిండి, నీళ్ళు, నీడ ఇవ్వని యజమానిది 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు (మాల్‌లో పార్కింగ్ ఫీజు నయం!). శిక్షలు పెంచమని 2014లో జల్లికట్టు తీర్పులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళకి తెలిసే ఉంటుంది, అక్కడ 2017 నుంచి ముందు పోలీసులకి ఫోన్ చేసి, కుక్క ప్రాణం మీదకొస్తే అద్దం పగలగొట్టొచ్చు. ఇక్కడ పగలగొడితే మన మీదే కేసు పెట్టినా పెడతారు. అందుకే ముందు సెక్యూరిటీ చేత మైకులో బండి నంబరు చదివించండి. ఓనరు వచ్చాక "ఏం సామీ, పది నిమిషాలు అద్దాలెక్కించుకుని నువ్వు కూచో, చూస్తా" అనండి. కోపమొస్తే రానీండి, అప్పటికి కుక్క బయటికొచ్చేసి ఉంటుంది.